అందరూ అదే చేస్తే

పాఠ్య నేపథ్యం

మంచిచెడ్డల విచారణ తెలుగు సాహిత్యంలో ఆదికవి నాటి నుంచీ ఉన్నది. పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో ఈ విచారణ 18వ శతాబ్దం నుంచి ఒక ప్రత్యేక సూత్రం చుట్టూ సాగుతూ వచ్చింది. దానికి సార్వత్రికతా సూత్రమని పేరు. ఒక పని ఒకరికి ధర్మమైతే, అటువంటి స్థితిలో ఉన్న మరెవరికైనా అది ధర్మమే కావాలన్నది దాని సారాంశం. ఆ సూత్రాన్ని ఈ పాఠం తెలుగు కావ్యకథల వెలుగులోనూ, హైదరాబాదు ఐటీ ప్రాంతానికి ఆనుకొని పెరిగిన బాచుపల్లి నీటి సమస్య ఆధారంగానూ పరిచయం చేస్తుంది.

పాఠ్యభాగం

తెలుగునాట బడిమెట్లు ఎక్కినవారిలో తిక్కన సోమయాజి రచించిన ఒక చిన్న కందపద్యాన్ని వల్లె వేయనివారు తక్కువ. ఇతరులు ఏయే పనులు చేస్తే తన మనస్సుకు కష్టం కలుగుతుందో, ఆ పనులను తాను ఇతరుల పట్ల చేయకుండా ఉండడమే ధర్మమార్గాలన్నింటికీ ఆశ్రయమని ఆ పద్య భావం. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో ఉండి, విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెనిగించిన కవిబ్రహ్మ విస్తారమైన ధర్మచర్చను నాలుగు పాదాల్లో ఇమిడ్చాడు. చైనాలో కన్ఫ్యూషియస్, యూదుల గురువు హిల్లెల్ ఇంచుమించు ఇదే మాట చెప్పారు. క్రీస్తు బోధలో అది ‘చేయవద్దు’ అనే నిషేధంగా కాక ‘చేయండి’ అనే విధిగా వినిపిస్తుంది.

అయితే ఆ పద్యంలోని కొలబద్దను నిదానించి చూడాలి. ఆ కొలబద్ద ‘తన మనస్సు’. అందరి మనస్సులూ ఒకే తీరుగా ఉండవు. అర్ధరాత్రి దాకా మైకు పెట్టి పాటలు మోగిస్తే పరవశించే మనిషి ఒకడున్నాడనుకుంటే, పొరుగువారు అదే పని చేసినా అతనికి అప్రియం కలగదు. అంతమాత్రం చేత వీధి నిద్రను చెడగొట్టే హక్కు అతనికి వచ్చినట్లా? మరొక చిక్కు కూడా ఉన్నది. దొంగ న్యాయమూర్తి ఎదుట నిలబడి, “నా స్థానంలో మీరుంటే జైలుకు పోవడం మీకు ఇష్టమా?” అని అడగవచ్చు. ఇష్టం లేదన్నది నిజం. అందుచేత శిక్ష వేయకూడదని తీర్పు చెప్పగలమా? ఈ రెండో ఆక్షేపణను జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లోనే లేవనెత్తాడు. తిక్కన పద్యాన్ని తర్కశాస్త్ర గ్రంథంలా చదవడం న్యాయం కాదనేది వేరే మాట. తన వైపు మాత్రమే చూసుకొనే మనస్సును ఎదుటివారి వైపు తిప్పడం ఆ పద్యం చేసే పని. ఆ పనిని అది ఏడు వందల ఏళ్లకు పైగా చేస్తూనే ఉన్నది.

కొలబద్దను ఇష్టం నుంచి కారణానికి మార్చినప్పుడు సార్వత్రికతా సూత్రం పుడుతుంది. ‘ఈ పని నేను చేయవచ్చు’ అని ఒకడు అన్నప్పుడు ‘ఎందుకు?’ అనే ప్రశ్నకు అతడు సమాధానం చెప్పవలసి ఉంటుంది. ‘నేను కాబట్టి’ అన్నది సమాధానం కాదు. ‘ఆకలిగా ఉన్నది కాబట్టి’, ‘ముందుగా వచ్చాను కాబట్టి’, ‘మాట ఇచ్చాను కాబట్టి’ అన్నవి సమాధానాలు. కాని అటువంటి సమాధానం నోటి నుంచి వెలువడిన క్షణంలోనే అది అతని సొత్తు కాకుండా పోతుంది. ఆకలిగా ఉన్న ప్రతివానికీ, ముందుగా వచ్చిన ప్రతివానికీ, మాట ఇచ్చిన ప్రతివానికీ అది చెల్లుతుంది. కారణానికి పేరు ఉండదు, ఇంటిపేరు అంతకంటే ఉండదు. తెలుగు వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, ధర్మవాక్యంలో కర్త స్థానంలో ‘నేను’ కూర్చోరాదు. అక్కడ ‘ఎవరైనా’ అనే పదమే ఉండాలి. 1874లో ఇంగ్లండుకు చెందిన హెన్రీ సిడ్జ్‌విక్ నీతిశాస్త్ర పద్ధతులను గూర్చి రాసిన గ్రంథంలో ఈ విషయాన్నే స్పష్టంగా ప్రతిపాదించాడు.

ఈ సూత్రానికి ఎక్కువ ప్రసిద్ధి తెచ్చినవాడు కాంట్. 1724లో కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో పుట్టి, 1804లో అక్కడే మరణించిన ఈ ఆచార్యుడు తన జీవితమంతా ఇంచుమించు ఆ పరిసరాల్లోనే గడిపాడు. ఊరు దాటని మనిషి ప్రపంచానికంతటికీ వర్తించే నియమాన్ని వెదకడం ఒక విశేషం. అతని నిరపేక్షాదేశం ప్రకారం మనిషి పని చేసేముందు తన మనస్సులోని నియమాన్ని వెలికి తీసి చూసుకోవాలి. ఆ నియమం లోకమంతటికీ శాసనమైతే ఎట్లా ఉంటుందో ఊహించాలి. అట్లా ఊహించడం సాధ్యం కాకపోయినా, అటువంటి లోకాన్ని తాను కోరుకోలేకపోయినా, ఆ పని అధర్మం. కాంట్ చూపిన ఉదాహరణల్లో అప్పు కథ ప్రసిద్ధం. డబ్బు అవసరమైన మనిషి తిరిగి తీర్చలేనని తెలిసి కూడా, తీరుస్తానని మాట ఇచ్చి అప్పు పుచ్చుకుంటాడు. అవసరం వచ్చిన ప్రతివాడూ ఇదే చేయడం లోకనియమమైతే ఏమవుతుంది? ఎవరూ ఎవరి మాటనూ నమ్మరు. మాట ఇవ్వడమనే వ్యవహారమే లోకంలో ఉండదు. అప్పుడు ఆ అబద్ధపు మాటతో అప్పు సంపాదించడమూ కుదరదు. ఇతరులందరూ మాట నిలుపుకొంటూ ఉంటేనే ఇతని మోసం పారుతుంది. అంటే నియమం అందరికీ ఉండాలి, తనకు మాత్రం మినహాయింపు కావాలి! మోసంలోని అసలు దోషం ఈ మినహాయింపులో ఉన్నదని కాంట్ పట్టుకున్నాడు.

కాంట్‌కు మూడు శతాబ్దాల ముందే తెలుగు పాఠకులు ఈ విషయాన్ని ఒక ఆవు కథలో చదువుకున్నారు. 15వ శతాబ్దానికి చెందిన అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన గోవ్యాఘ్ర సంవాదమది. అడవిలో మేతకు వెళ్లిన ఆవు పులికి చిక్కింది. ఇంటి దగ్గర పాల కోసం ఎదురుచూసే లేగదూడ ఉన్నదనీ, దానికి కడుపునిండా పాలిచ్చి తిరిగి వస్తాననీ ఆవు వేడుకున్నది. చావును వెదుక్కుంటూ ఎవరైనా తిరిగి వస్తారా అని పులి సందేహించింది. ఆవు ప్రమాణం చేసింది, వెళ్లింది, దూడకు పాలిచ్చి బుద్ధులు చెప్పి, అన్నమాట ప్రకారం తిరిగి వచ్చింది. పులి దాన్ని తినలేకపోయింది. ఈ కథలో సాధారణంగా అందరి కన్నూ ఆవు సత్యనిష్ఠ మీదనే నిలుస్తుంది. పులి సందేహాన్ని కూడా గమనించాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇచ్చిన మాటను నమ్మలేని లోకం ఎట్లా ఉంటుందో ఆ సందేహంలో కనిపిస్తుంది. అటువంటి లోకంలో ఆకలిగొన్న దూడకు చివరిసారి పాలు దక్కవు.

పోతన భాగవతంలోని వామన చరిత్రలో ఇదే సమస్య తలకిందులుగా ఎదురవుతుంది. మూడడుగుల నేల ఇస్తానని బలిచక్రవర్తి అన్నాడు. అడిగినవాడు విష్ణువని గ్రహించిన శుక్రాచార్యుడు శిష్యుణ్ణి వారించాడు. వివాహ విషయంలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు, మరికొన్ని సందర్భాల్లో అబద్ధమాడినా పాపం లేదన్నాడు. శుక్రుని మాటను స్వార్థమని తోసిపుచ్చడం తేలికే గాని, అది పూర్తిగా సరికాదు. ఆయన ‘బలి కాబట్టి అబద్ధమాడవచ్చు’ అనలేదు. ‘ఇటువంటి స్థితిలో ఉన్న ఎవరైనా’ అన్నాడు. రూపాన్ని బట్టి చూస్తే అది సార్వత్రిక నియమమే. దాని కొరత మరొకచోట ఉన్నది. ధనానికి ముప్పు వచ్చినప్పుడల్లా మాట తప్పవచ్చునంటే, దానమిస్తానన్న ప్రతి మాటా ముప్పుతో కూడినదే. కాబట్టి ఏ దాత మాటకూ విలువ ఉండదు. బలి గురువు హితవును కాదని మాట నిలుపుకున్నాడు.

అట్లాగని మినహాయింపులన్నీ అధర్మమని తీర్మానించడమూ పొరపాటే. మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునునికి కౌశికుని కథ చెబుతాడు. సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన కౌశికుణ్ణి దొంగలు వచ్చి, ప్రాణభయంతో పారిపోయినవారు ఎటు వెళ్లారని అడిగారు. అతడు నిజం చెప్పాడు. దొంగలు వారిని వెదకి చంపారు. ఆ సత్యానికి ఫలంగా కౌశికునికి నరకమే దక్కింది. ఆశ్చర్యమేమంటే, 1797లో కాంట్ సరిగ్గా ఇటువంటి ప్రశ్ననే ఎదుర్కొన్నాడు. హంతకుడు తలుపు తట్టి, లోపల దాగిన మిత్రుణ్ణి గురించి అడిగితే అబద్ధమాడవచ్చునా? ఆడకూడదని కాంట్ నిష్కర్షగా సమాధానమిచ్చాడు. ఈ ఒక్క విషయంలో కోనిగ్స్‌బర్గ్ ఆచార్యుని కంటే కురుక్షేత్ర సారథిదే సూక్ష్మదృష్టి అని చెప్పక తప్పదు. ‘నిజమే చెప్పాలి’ అన్నది ఎట్లా సార్వత్రిక నియమమో, ‘నిరపరాధిని హంతకునికి పట్టివ్వకూడదు’ అన్నదీ అట్లాగే సార్వత్రిక నియమం. నియమం అందరికీ వర్తించాలంటే అది మోటుగా, ఒకే మాటలో ఉండనక్కర లేదు. ఎన్ని వివరాలైనా అందులో చేరవచ్చు, వ్యక్తి పేరు మాత్రం చేరకూడదు. ఈ భేదాన్ని 20వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త ఆర్. ఎం. హేర్ విడమరచి చెప్పాడు. భారతీయులు దీన్నే ధర్మసూక్ష్మమన్నారు.

ఆవులు, పులులు, చక్రవర్తులు సరే. ఈ సూత్రం పదును తెలియాలంటే వేసవిలో నీళ్లు తగ్గిన వీధికి రావాలి. అటువంటి వీధులు బాచుపల్లిలో ఎన్నో ఉన్నాయి.

బాచుపల్లి ఒకప్పుడు కుత్బుల్లాపూర్ మండలంలోని గ్రామం. 1990ల ద్వితీయార్ధంలో అక్కడ ఇంజనీరింగ్ కళాశాలలు వెలిశాయి. సైబరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పెరిగిన కొద్దీ మియాపూర్, నిజాంపేటలను దాటి అపార్ట్‌మెంట్లు, విద్యార్థుల వసతిగృహాలు బారులు తీరాయి. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో అది మండలమైంది. 2019లో నిజాంపేట, ప్రగతినగర్‌లతో కలిసి నగరపాలక సంస్థ పరిధిలోకి చేరింది. ఇళ్లు వచ్చిన వేగంతో నల్లానీళ్లు రాలేదు. హైదరాబాదు నగరానికి 2004లో కృష్ణా జలాలు, 2015లో గోదావరి జలాలు చేరినా, శివారు కాలనీలు చాలాకాలం బోర్ల మీదా ట్యాంకర్ల మీదా ఆధారపడ్డాయి. ఇక్కడి నేల అడుగున ఉన్నది గ్రానైటు శిల. నీరు ఇసుక నేలలో మాదిరిగా అంతటా పరచుకొని ఉండదు. పైన చివికిన పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురిసే వానలో నేలలోకి ఇంకిన కొద్దిపాటి భాగమే దానికి ఆధారం. రాయిని ఎంత లోతు తొలిచినా వాన పెరగదు.

ఒక వీధిలో ఐదు అపార్ట్‌మెంట్లు ఉన్నాయనీ, ఐదింటికీ ఆరేసి వందల అడుగుల బోర్లు ఉన్నాయనీ ఊహించాలి. ఏప్రిల్‌లో మొదటివారి బోరు ఎండింది. నివాసుల సంఘం సమావేశమై తొమ్మిది వందల అడుగులకు కొత్త బోరు వేయించింది. నీళ్లు పడ్డాయి, కాని పది రోజుల్లో పక్కవారి మోటారు గాలి పీల్చసాగింది. వారు వెయ్యి అడుగులకు దిగారు. మూడోవారు పదకొండు వందలు, మొదటివారు మళ్లీ పన్నెండు వందలు. మరుసటి వేసవికి ఐదు బోర్లూ ఒకే లోతుకు చేరాయి. వీధికి దక్కే నీరు మాత్రం పెరగలేదు. పెరిగినవి రిగ్గు యజమాని బిల్లూ కరెంటు బిల్లూ. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. అందరి ఇళ్లలోనూ పిల్లలున్నారు, వృద్ధులున్నారు, అందరికీ నీళ్లు కావాలి.

ఇప్పుడు ఆ సంఘం నియమాన్ని వెలికి తీసి చూడాలి. ‘నీళ్లు తగ్గినప్పుడు పక్కవారికంటే లోతుగా బోరు వేసుకోవచ్చు’ అన్నది ఆ నియమం. దాన్ని లోకనియమం చేసి, ‘ఎవరైనా పక్కవారికంటే లోతుగా వేసుకోవచ్చు’ అని చదివితే దాని డొల్లతనం బయటపడుతుంది. ఒక వీధిలో అందరూ అందరికంటే లోతుగా ఉండడం అసాధ్యం. పదిమందిలో పదిమందీ మొదటి ర్యాంకు తెచ్చుకోవడం వంటిదే అది. కాంట్ చెప్పిన అబద్ధపు అప్పుకూ, ఈ బోరుకూ స్వభావం ఒకటే. ఇతరులు తక్కువ లోతులో ఆగిపోతేనే ఇతని లోతుకు ఫలితం ఉంటుంది. నియమం ఇతరులకు, మినహాయింపు తనకు. దీనికి భిన్నంగా ‘ప్రతి ఇంటి కప్పు మీద పడిన వాననీటిని ఇంకుడుగుంతలోకి మళ్లించాలి’ అనే నియమాన్ని తీసుకుంటే, అందరూ చేసే కొద్దీ దాని ఫలితం తగ్గదు, పెరుగుతుంది. మొదటి నియమం ఒకడు చేస్తే లాభం, అందరూ చేస్తే నష్టం. రెండోది ఒకడు చేస్తే అంతంతమాత్రం, అందరూ చేస్తే లాభం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా చట్టం, ఈ భేదాన్ని గుర్తించింది. ప్రజలు తాగునీటికి వాడే వనరుకు 250 మీటర్ల లోపల కొత్త బావులు తవ్వడాన్ని నియంత్రించింది, వాననీటి సేకరణను ప్రోత్సహించింది. చట్టంలో ఏ అపార్ట్‌మెంటు పేరూ ఉండదు. అందులోని కర్త ‘ఎవరైనా’.

సంఘ సమావేశంలో ఈ మాట ఎత్తితే వెంటనే ఒక జవాబు వస్తుంది: “అందరూ వేస్తున్నారు కదండీ!” పరీక్షలో పక్కవాని కాగితం చూసిన విద్యార్థి, మియాపూర్ దారిలో ఎదురు దిశలో బండి నడిపిన ఉద్యోగి కూడా ఇదే అంటారు. ‘అందరూ చేస్తున్నారు’ అన్నదీ, ‘అందరూ చేస్తే?’ అన్నదీ చెవికి కవలల్లా వినిపిస్తాయి. కాని వాటి మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం ఉన్నది. మొదటిది జరుగుతున్నదాన్ని చూపి విచారణను ఆపివేస్తుంది. రెండోది జరగబోయేదాన్ని చూపి విచారణను మొదలుపెడుతుంది. మొదటి మాటలో ‘అందరూ’ తన వెనుక దాక్కోవడానికి దొరికిన గుంపు. రెండో మాటలో ‘అందరూ’ తనతో సమానమైన హక్కు గలవారు. ఆ జవాబులోనూ కొంత న్యాయం లేకపోలేదు. మిగిలిన నలుగురూ లోతుకు దిగుతూ ఉంటే ఐదోవాడు ఒక్కడే ఆగి, తన పిల్లలను నీళ్లు లేకుండా ఉంచాలని ఏ ధర్మమూ కఠినంగా శాసించదు. అతడు నలుగురినీ కూర్చోబెట్టి ఒప్పందానికి ప్రయత్నించాడా, లేక వారిని సాకుగా చూపి ముందే రిగ్గును పిలిచాడా అన్నది అడగవలసిన ప్రశ్న.

రెండో జవాబు మరింత తెలివైనది: “మా సంగతి వేరు.” మాది వంద ఇళ్ల సముదాయం, వారిది ఒక్క బంగళా, మాది సొంత ఇల్లు, వారు అద్దెకున్న విద్యార్థులు. ఈ మాటల్లో కొన్ని తూగుతాయి, కొన్ని తూగవు. సార్వత్రికత అంటే అందరినీ ఒకే గీటున కొలవడమని కొందరు భ్రమపడతారు. మెట్లు ఎక్కలేని వృద్ధునికి జనరేటరు మీద లిఫ్టు నడపడం, జబ్బుపడిన వారి ఇంటికి రెండు బిందెలు ఎక్కువ ఇవ్వడం సూత్రానికి విరుద్ధం కాదు. ఎందుకంటే ‘మెట్లు ఎక్కలేని ఎవరికైనా’, ‘జబ్బుపడిన ఎవరికైనా’ అని వాటిని చదవవచ్చు. వంద ఇళ్లకు ఒక ఇంటికంటే ఎక్కువ నీరు అవసరమన్నదీ తూగే కారణమే. కాని ‘సొంత ఇల్లు గలవారి దాహం ముఖ్యం’ అన్నది తూగదు. ఇంటి పత్రానికీ దాహానికీ సంబంధం లేదు. జిల్లాల నుంచి చదువుకోసం వచ్చి వసతిగృహంలో ఉన్న పిల్లవానికీ స్నానానికి అన్నే నీళ్లు కావాలి.

సంబంధం గల భేదమేది, సంబంధం లేనిదేది అన్న ఈ ప్రశ్నకు తెలుగు పల్లెల్లో ఒక బాధాకరమైన చరిత్ర ఉన్నది. దళితులను ఊరిబావి దగ్గరికి రానివ్వని కాలంలో, వారు కుండలతో దూరంగా నిలబడి, ఎవరో ఒకరు తోడి పోసేదాకా వేచి ఉండేవారు. వారిని ఆపినవారు ఎవరినీ పేరు పెట్టి ఆపలేదు. ‘ఫలానా పుట్టుక గల ఎవరైనా’ అన్నారు. మాటల పొందికలో ఇది కూడా సార్వత్రిక నియమంలాగే ఉన్నది! ఇక్కడే సూత్రానికి గట్టి పరీక్ష ఎదురవుతుంది. దీన్ని ఎదుర్కోవడానికి హేర్ 1963 నాటి తన గ్రంథంలో స్థానాల మార్పిడిని ప్రతిపాదించాడు. ఒకడు రెండోవానికి బాకీ, రెండోవాడు మూడోవానికి బాకీ. బాకీ తీర్చనివారిని చెరలో వేయించే చట్టం ఉన్నది. రెండోవాడు ‘నా బాకీదారును చెరలో వేయించాలి’ అంటే, తన అప్పులవాడు తనను చెరలో వేయించాలని కూడా అన్నట్లే. ఆ మాట అతడు మనస్ఫూర్తిగా అనగలడా? అట్లాగే బావి గట్టున నిలబడిన పెత్తందారు, ఆ పుట్టుకే తనదైతే, మండువేసవిలో ఎదుట నీళ్లుండగా ఖాళీకుండతో తన బిడ్డ నిలబడవలసి వస్తే, ఆ నియమానికి సమ్మతించగలడా? ఎక్కువమంది సమ్మతించలేరు. ‘నేనే ఆ పుట్టుక పుట్టినా నాకూ అదే జరగాలి’ అని పట్టుబట్టే మూర్ఖాభిమాని ఎక్కడో ఉండవచ్చుననీ, అటువంటివాణ్ణి కేవలం తర్కంతో ఓడించలేమనీ హేర్ ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ మెచ్చదగినది. రెండో ప్రపంచయుద్ధంలో జపాను సైన్యానికి బందీగా చిక్కి, బర్మా రైలుమార్గం పనుల్లో మగ్గినవాడాయన.

తర్కం ఆగిన చోట శాసనం కావలసి వచ్చింది. 1927లో మహాడ్ చెరువు నీటికోసం అంబేద్కర్ నడిపిన సత్యాగ్రహం దేశాన్ని కదిలించింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా పౌరులెవరినీ ప్రజల బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రహదారుల వాడకం నుంచి దూరం చేయరాదని పేర్కొన్నది. దేశపు మూలశాసనంలో బావుల పేరు ఎత్తవలసి రావడం సామాన్య విషయం కాదు. ‘ఎవరైనా’ అనే పదంలోకి నిజంగా ఎవరెవరు వస్తారన్నది అక్కడ ఒక్కొక్క మాటగా తేల్చి రాశారు.

బాచుపల్లి వీధికి తిరిగి వస్తే, అక్కడ కూడా ‘అందరూ’ అన్న మాటకు హద్దు ఎక్కడ గీయాలన్నది తేలవలసి ఉన్నది. ఐదు అపార్ట్‌మెంట్లూ కలిసికట్టుగా బోర్లు మానుకొని, ట్యాంకర్లు తెప్పించుకుంటే వీధి సమస్య తీరినట్లే కనిపిస్తుంది. కాని ట్యాంకరు నీరు ఆకాశం నుంచి రాదు. నగరం అంచున ఏదో పొలంలోని బోరు నుంచి వస్తుంది. ఆ బోరు పక్కన మరొక రైతు బోరు ఉన్నది. సమావేశంలో ఆ రైతుకు కుర్చీ లేదు. కుర్చీ లేనివారిని కూడా లెక్కలోకి తీసుకోమని అడగడమే ఈ సూత్రం చేసే కష్టమైన పని.

అట్లా అందరినీ లెక్కలోకి తీసుకున్న అనుభవం తెలుగు రైతులకు ఉన్నది. 2003లో మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకం అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో పనిచేసింది. అందులో ఎవరి బోరునూ మూయించలేదు, ఎవరికీ సబ్సిడీ ఆశ చూపలేదు. రైతులు, వారిలో చాలామంది పెద్ద చదువులు లేనివారు, వానమాపకంతో వానను, తాడుతో బోర్లలోని నీటిమట్టాన్ని కొలవడం నేర్చుకున్నారు. రబీకి ముందు సమావేశమై, ఊరి కింద ఎంత నీరున్నది, తాము వేయదలచిన పంటలన్నీ వేస్తే ఎంత ఖర్చవుతుంది అని పద్దు కట్టారు. ‘అందరూ వరి వేస్తే?’ అన్న ప్రశ్న అక్కడ ఉపన్యాసంలోని అలంకారం కాదు. దానికి అంకెల్లో సమాధానం వచ్చేది. ఆ సమాధానాన్ని ఊరందరికీ కనిపించేటట్లు బోర్డు మీద రాసేవారు. ఆపైన ఏ పంట వేయాలన్నది ఎవరి ఇష్టం వారిదే. కొందరు వరి మాని వేరుశనగ, పప్పుధాన్యాల వంటి ఆరుతడి పంటలకు మారారు. కొందరు మారలేదు. మారనివారికి జరిమానా లేదు గాని, వారు రచ్చబండ దగ్గరికి వచ్చినప్పుడు ఆ బోర్డు ఎదురుగానే ఉండేది.

అభ్యాసం

1. తిక్కన పద్యభావంలోని కొలబద్దకూ, సార్వత్రికతా సూత్రంలోని కొలబద్దకూ గల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.

2. శుక్రాచార్యుని హితవు రూపంలో సార్వత్రిక నియమమే అయినా ఎందుకు నిలవదు? కౌశికుని కథతో పోల్చి చర్చించండి.

3. ‘అందరూ చేస్తున్నారు’, ‘అందరూ చేస్తే?’ అనే రెండు మాటలకు గల అంతరాన్ని మీ కళాశాల జీవితం నుంచి ఒక ఉదాహరణ తీసుకొని రాయండి.

4. మీ వీధిలో లేదా వసతిగృహంలో నీటి పంపకానికి ఒక నియమం తయారుచేయండి. అందులో ‘ఎవరైనా’ అనే పదం కిందికి వచ్చేవారందరి జాబితా రాసి, మొదట మీకు గుర్తురానివారెవరో చెప్పండి.